ఇంట్లో డికాక్షన్ ఉండగా...

పిల్లల పరీక్షలూ, అత్తగారి మోకాళ్ల నొప్పులూ, పనమ్మాయి నాగాలూ అన్నీ మామూలేనా? వాటినలా పక్కన పెట్టి కాసేపు కూచోండి. ఈసారి వంటా చెప్పను, వైద్యమూ చెప్పను. మొన్న మా వదిన ఫోన్‌లో అడిగిన మాట ఒకటి మీ ముందు పెడతాను. "ఇంట్లో ఫిల్టరుంది, పొడుంది, పాలున్నాయి. తయారై వీధి చివరిదాకా పోయి డబ్బులిచ్చి కాఫీ తాగడమేమిటమ్మాయ్? పైగా అది బారట కదా!" అంది. బార్ అనేటప్పుడు గొంతు బాగా తగ్గించింది. పక్క గదిలో మా అన్నయ్య వింటాడని కాబోలు.

ఫోన్‌లో ఏదో సర్ది చెప్పాను. కానీ ఆవిడ అడిగింది న్యాయమైన మాటే. మీలో చాలామందికి కూడా ఆ సందేహం రావచ్చు. కాబట్టి జవాబు తీరిగ్గా చెప్పుకుంటాను, వినండి.

నేనుండేది మలేషియాలో ఇపో అనే ఊళ్లో. కౌలాలంపూర్‌లో రైలెక్కి ఉత్తరంగా రెండు రెండున్నర గంటలు కూచుంటే వస్తుంది. ఊరి చుట్టూ సున్నపురాతి కొండలు, ఆ కొండల గుహల్లో గుళ్లు. తైపూసం పండగ వస్తే బుంటోంగ్ మారియమ్మ గుడి దగ్గర మొదలైన కావళ్లు కల్లుమలై సుబ్రహ్మణ్యస్వామి దాకా నడుస్తాయి. ఒకప్పుడిది తగరం ఊరు. కింతా లోయలో తవ్విన తగరంతోనే ఇక్కడి మేడలూ, ఆ పాలరాయిలా మెరిసే రైల్వే స్టేషనూ లేచాయి. 1985లో తగరం ధర కుప్పకూలింది. గనులు మూతపడ్డాయి, కుర్రకారు కౌలాలంపూర్‌కో సింగపూర్‌కో వెళ్లిపోయింది. మిషెల్ యో తెలుసుగా, 2023లో ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకున్నావిడ? పుట్టింది ఇక్కడే. ఇది పుట్టినవాళ్లు వెళ్లిపోయే ఊరు, రిటైరయ్యాక మళ్లీ తిరిగొచ్చే ఊరు. మధ్యలో మిగిలినవాళ్లకి తొందర లేదు. కాఫీకి పాలకంటే ముందు కావాల్సింది ఆ తీరికే కదా!

మా పేట కానింగ్ గార్డెన్. అక్కడ ఒక చిన్న సందు మలుపులో ఉంది నేను వెళ్లే దుకాణం. పేరు మాత్రం చెప్పను. మీరెవరైనా సరదాకి వచ్చి నా కుర్చీలో కూచుంటే నేను నిలబడాలి. పగలంతా అక్కడ కాఫీ. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అదే గట్టు మీద వైన్ సీసాలు వరసకొస్తాయి. పొద్దున కాఫీ కలిపిన అమ్మాయే సాయంత్రం వైన్ పోస్తుంది, మధ్యలో ఏప్రన్ మార్చుకుంటుంది. ఇంతకంటే పెద్ద ఆర్భాటమేమీ లేదు. ఎనిమిది బల్లలు, ఒక పిల్లి.

అయితే దాని సంగతి అర్థం కావాలంటే ముందు మా పాత ఊరికి తీసుకెళ్లాలి మిమ్మల్ని.

కింతా నదికి ఒక ఒడ్డున పాత ఊరు, రెండో ఒడ్డున కొత్త ఊరు. పాత ఊళ్లో జలాన్ బందార్ తిమా అనే వీధిలో రెండు కాఫీ కొట్లు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి సిన్ యూన్ లూంగ్, 1937 నాటిది. రెండోది నామ్ హియాంగ్, 1958 నాటిది. ఇపో వైట్ కాఫీ అసలు రుచి ఏ కొట్లో ఉందని అడిగితే ఊళ్లో సగం మంది ఇటు చూపిస్తారు, సగం మంది అటు. మీ సూపర్ మార్కెట్లో కనపడే ఓల్డ్‌టౌన్ వైట్ కాఫీ పొట్లాలు మొదలైందీ ఆ నామ్ హియాంగ్ కుటుంబంతోనే. నేను ఎటు పక్క అంటారా? ఎండ ఏ కొట్టు మీద పడకపోతే ఆ కొట్టు పక్క.

ఈ కాఫీ కొట్లు పెట్టినవాళ్లు ఎక్కువగా హైనాన్ దీవి నుంచి వచ్చిన చైనీయులు. మలయాకి వాళ్లు మిగతా చైనీయులకంటే ఆలస్యంగా చేరారు. అప్పటికే గనులూ, వ్యాపారాలూ హొక్కియెన్లూ, కాంటనీసు వాళ్లూ పంచేసుకున్నారు. హైనాన్ వాళ్లకి మిగిలింది తెల్లదొరల ఇళ్లలో, ఓడల్లో వంటపని. ఆ వంటిళ్లలో కాఫీ కాయడం, రొట్టె కాల్చడం, కస్టర్డు చెయ్యడం నేర్చారు. 1930లలో రబ్బరు ధర పడిపోయి కొట్ల అద్దెలు దిగొచ్చినప్పుడు కూడబెట్టిన నాలుగు డబ్బులతో సొంతంగా కొట్లు పెట్టుకున్నారు. మన ఊళ్లలో ఉడిపి వాళ్లు హోటళ్లు పెట్టిన కథ వినే ఉంటారు, ఇదీ ఇంచుమించు అదే దారి. వంటింటి పనితో ఊరినే పోషించిన జనం ప్రతి దేశంలోనూ ఉంటారేమో.

ఆ కాఫీ రుచికి కారణం వేపుడులో ఉంది. మలేషియాలో కోపీ అనే మామూలు కాఫీ గింజల్ని చక్కెరా, మార్జరీనూ వేసి బొగ్గులా నల్లబడేదాకా వేయిస్తారు. చక్కెర మాడి గింజని పూత పూస్తుంది, డికాక్షన్ తారులా దిగుతుంది. ఇపో వాళ్లు చక్కెర మానేసి పామాయిల్ మార్జరీన్ ఒక్కదానితో కాస్త తక్కువగా వేయిస్తారు. గింజ మాడదు, చేదు తగ్గుతుంది, వెన్న కాచిన వాసన లాంటిది అడుగున మిగులుతుంది. మన చికోరీ కాఫీ నాలుకకి మొదట ఇది వింతగానే ఉంటుంది. రెండో వారానికి దారి మరిచిపోరు.

ఇక వడ్డన చూడాలి మీరు. గుండ్రటి చలువరాతి బల్లలు, అరిగిపోయిన చెక్క కుర్చీలు. కొట్టు యజమాని అమ్మేది పానీయాలే. నూడిల్స్ ఒకరివి, రొయ్యల పులుసు ఒకరిది, కోడిమాంసం ఒకరిది, ఎవరి పొయ్యి వాళ్లదే, ఎవరి అద్దె వాళ్లదే. కూచున్నాక ఒక్క కప్పయినా కొట్టులో తీసుకోవాలి, అది మర్యాద. కుర్రాడు మన ఆర్డరు విని నేరుగా లోపలికి కాంటనీస్‌లో ఒక కేక వేస్తాడు. రాసుకోడం లేదు, టోకెన్ లేదు. లోపల పెద్దాయన మరిగే నీళ్ల తొట్టిలోంచి పట్టకారుతో కప్పు తీస్తాడు. మందపాటి తెల్ల పింగాణీ, మీద ఆకుపచ్చ పూలు. అడుగున గడ్డ కట్టిన పాలు, అదే కండెన్స్‌డ్ మిల్క్, ధారగా పడుతుంది. గుడ్డసంచీలో వడగట్టిన డికాక్షన్ పైనుంచి పోస్తాడు, అంచు దాటి సాసర్లోకి కాస్త ఒలుకుతుంది. ఆ ఒలికింది లేకపోతే పెద్దవాళ్లు ఒప్పుకోరు. సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగే తాతల్ని చూస్తే మన గోదావరి అరుగుల మీద కూచున్న పెద్దవాళ్లు గుర్తొచ్చి తీరతారు. అడుగున తీపిని చెంచాతో తిప్పేసేవాళ్లు కొందరు, తిప్పకుండా చివరి గుక్కకి దాచుకునేవాళ్లు కొందరు. నేను దాచుకునే రకం.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, పాత ఊరి కొట్లో నన్ను నిలబెట్టింది కాఫీ కాదు, ఎదురు బల్ల దగ్గర కూచున్న ఒక చైనీయుల బామ్మగారు. పూల చొక్కా, జేబులో చిల్లర. ఒక్కావిడే. ముందు సగం ఉడికిన రెండు గుడ్లు, కాయా అనే కొబ్బరి జామ్ రాసిన కాల్చిన రొట్టె, చైనీస్ పేపరు. గుడ్లు సాసర్లో కొట్టుకుని, సోయా సాసూ మిరియాలూ చల్లుకుని, పేపరు మడతలు మార్చుకుంటూ గంటసేపు కూచుంది. ఎవరికోసమూ ఎదురుచూడటం లేదు. ఎవరూ వచ్చి "ఒక్కరేనా అమ్మా?" అనలేదు. ఆవిడ వైపు చూసినవాళ్లే లేరు. నాకు మాత్రం కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదు.

ఎందుకంటే నేను పెరిగింది విజయవాడలో. బాబాయి హోటల్ ఇడ్లీ మీద వెన్నముద్ద గురించి మా నాన్నగారూ, బాబాయిలూ, పక్కింటి మావయ్యగారూ చెప్పుకునే మాటలు వింటూ పెరిగాను. తెల్లవారుజామున వెళ్లేవారు, రాజకీయాలన్నీ అక్కడే తేల్చేసుకుని వచ్చేవారు. ఆడవాళ్లకి ఇంటికి పార్సెల్ వచ్చేది. వేడి చల్లారిన ఇడ్లీ, మూట విప్పేసరికి కరిగిపోయిన వెన్న. మా అమ్మ ఆ హోటల్ లోపలి గోడల రంగు ఏమిటో చూడకుండానే ఆ ఇడ్లీ జీవితమంతా తింది. మగవాళ్లకి అక్కడ ఎవరి బల్ల వాళ్లకి ఉండేది, సర్వరు పేరు పెట్టి పిలిచేవాడు. మనకి ఊళ్లో ఏ బల్ల ఉంది చెప్పండి? గుళ్లో మెట్లున్నాయి, కూరల బజారుంది, పిల్లల స్కూలు గేటుంది. అన్నీ నిలబడే చోట్లే. కూచున్నామా, అక్కడా ఏదో పని పట్టుకునే కూచుంటాం.

ఇంట్లోనూ అంతే. డైనింగ్ బల్ల దగ్గర కూచుంటే ఎవరికో వడ్డిస్తుంటాం, సోఫాలో కూచుంటే బట్టలు మడతపెడుతుంటాం. నేను ఇంట్లో కాఫీ కప్పు పట్టుకుని కిటికీ పక్కన కూచుంటే మా ఆయన పాపం మంచివాడే, "ఒంట్లో బాలేదా?" అని అడుగుతాడు. ఖాళీగా కూచున్న ఆడది ఇంట్లో అనుమానానికి తావిస్తుందమ్మా. దుకాణంలో నేను ఖాళీగా కూచుంటే అది నా డబ్బిచ్చి కొనుక్కున్న ఖాళీ. దాన్ని ఎవరూ ప్రశ్నించరు. మా వదిన అడిగినదానికి సగం జవాబు ఇదే.

మిగతా సగం ఏమిటంటే, మళ్లీ మళ్లీ ఒకే చోటికి వెళ్లడం. ఊళ్లో కొత్త కాఫీ షాపు తెరిచారంటే ఫొటో తీసుకుని వచ్చేవాళ్లున్నారు. వారానికో షాపు మారుస్తారు. నాకది ఒంటికి పడదు. ఒకే కొట్టు పట్టుకుని వెళ్తుంటే ఏమవుతుందో చెప్తాను. మొదట్లో మా సందు దుకాణం అమ్మాయి నన్ను చూసి నవ్వేది. తర్వాత నేను నోరు తెరవకముందే తీపి తక్కువ వేసిన కోపీ వచ్చేది. ఆ తర్వాత తిట్లు మొదలయ్యాయి. "అక్కా, ఇవాళ రెండయ్యాయి, ఇంకొకటి ఇవ్వను, రాత్రి నిద్ర పట్టదు" అంటుంది. అవును, అక్కా అనే పిలుస్తుంది. ఇక్కడి చైనీయులకి మన అక్కా, అణ్ణే అన్నీ వచ్చు. బజార్లో కూరలమ్మే ఆవిడైతే అరవై దాటిన నన్నూ "లెంగ్‌లుయ్" అంటుంది, అంటే అందగత్తె అని! అయితే పొంగిపోనక్కర్లేదు, అందర్నీ అంటుంది. ఇక పెద్ద మెట్టు ఏమిటంటే, ఒకరోజు ఐసు అయిపోయి పక్క వీధికి పరిగెత్తుతూ "అక్కా, కొట్టు చూస్తూండు" అని వెళ్లిపోయింది. పది నిమిషాలు గల్లాపెట్టె నా చేతిలో. మా ఆయనకి ప్రమోషన్ వచ్చిన రోజున కూడా ఇంత నిటారుగా కూచోలేదు నేను.

ఆ కొట్లో నాలాంటి పాతకాపులు ఇంకొందరున్నారు. రైల్వేలో చేసి రిటైరైన పంజాబీ పెద్దాయన ఒకరు. మహ్‌జాంగ్ ఆటలో ఓడిపోయినప్పుడల్లా వచ్చి కూచునే చైనీస్ ఆంటీ ఒకరు. వాళ్లకి నా ఇంటి నంబరు తెలీదు, నా జీతం తెలీదు, నా కోడలు ఎలాంటిదో తెలీదు. నాకు వాళ్లవీ తెలీవు. కానీ జ్వరం వచ్చి కొన్నాళ్లు కనపడకపోతే ఆంటీ కొట్టమ్మాయితో మెసేజ్ పెట్టించింది: అల్లం వేసి గంజి కాచుకో, చన్నీళ్లు తాగకు అని. చుట్టాలైతే ఇంకో నాలుగు మాటలుండేవి, ఎందుకొచ్చింది జ్వరం, ఎండలో తిరిగావా, చెప్తే విన్నావా అని. ఆ నాలుగు మాటలు లేని పలకరింపు ఎంత తేలిగ్గా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

అందరూ రారు ఆ కొట్టుకి, అదీ చెప్పాలి. మా ఎదురింటి మలయ్ టీచరు నాకు మంచి స్నేహితురాలు. వైన్ పోసే చోటు కాబట్టి ఆవిడ రాదు. రమ్మని నేను బలవంతం చెయ్యను, వెళ్లొద్దని ఆవిడ నాకు చెప్పదు. మేమిద్దరం కలవాలంటే మామక్ కొట్టుకి వెళ్తాం. తమిళ ముస్లింలు నడిపే కొట్లవి, చాలావరకు రాత్రంతా తెరిచే ఉంటాయి. అక్కడ తే తారిక్, అంటే ఎత్తు నుంచి రెండు గ్లాసుల మధ్య తిరగబోసిన టీ. నురగ మీసాలతో ఇద్దరం లోకాన్ని తేల్చేస్తాం. కాబట్టి నాకు రెండు ఇళ్లున్నాయనుకోండి.

సరే, ఇక ఆ గొంతు తగ్గించిన మాట దగ్గరికొద్దాం. బార్.

తెలుగు ఆడదానికి సారా కొట్టు అంటే ఒళ్లు మండటానికి కారణాలు ఉత్తవి కావు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు, చదువుకోవడానికి రాత్రి బడికి వెళ్లినవాళ్లు, పాఠంలో తమ ఊరి కథే చూసుకుని సారా కొట్టు మూయించారు. రోశమ్మ పేరు మీకు గుర్తుండే ఉంటుంది. ఆ మంట రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో మళ్లీ గేట్లు ఎత్తేశారు. మనందరికీ తెలిసిన కథే. ఇప్పుడు ఊరూరా ఉన్న వైన్స్ షాపుల ముందు సాయంత్రం వేళ తల దించుకుని రోడ్డు దాటే ఆడపిల్లలూ మనకి తెలుసు.

ఇక్కడి మన తెలుగువాళ్లకీ ఇలాంటి కథే ఇంకొకటుంది. ఉత్తరాంధ్ర నుంచి కంగాణీలనే కూలీమేస్త్రీల వెంట ఓడలెక్కి వచ్చినవాళ్లు మా పేరాక్ రాష్ట్రం దక్షిణాన బగాన్ దాతుక్ వైపు కొబ్బరితోటల్లో కుదిరారు. వాళ్ల పిల్లలూ మనవలే 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకుని తెలుగు అక్షరాన్ని నిలబెట్టుకున్నవాళ్లు. తోటల్లో కూలీకి దగ్గరగా ఉండేవి రెండే, పని, కల్లు కొట్టు. జీతం రోజు కల్లు కొట్టుకి పండగ. 1941లో క్లాంగ్ ప్రాంతపు తోటల్లో భారతీయ కూలీలు సమ్మె చేసినప్పుడు అడిగిన వాటిలో జీతాల పెంపుతో పాటు కల్లు కొట్లు మూయించాలన్నది కూడా ఉంది. తాగేవాళ్లే మూయమని అడిగారంటే చూడండి. ఉగాది సంబరాల్లో పరిచయమైన పెద్దావిడ ఒకరు, బగాన్ దాతుక్ వైపు తోటలో పుట్టినావిడ, చెప్పింది. జీతాల రోజు వాళ్లమ్మ పిల్లని చంకనేసుకుని కల్లు కొట్టు బయట నిలబడేదట, నాన్న చేతిలో మిగిలిందేదో మిగిలినప్పుడే లాక్కుందామని.

అందుకే నేనా దుకాణంలో సాయంత్రం పూట కూచున్నప్పుడు వైన్ గ్లాసుని తేలిగ్గా చూడను. దూబగుంట ఆడవాళ్ల పోరు కూలి డబ్బు కోసం, పిల్లల అన్నం కోసం, ఒంటి మీద దెబ్బలు పడకుండా ఉండటం కోసం. ఆ లెక్కలో నా సొంత సంపాదనతో నెలకోసారి శుక్రవారం సాయంత్రం తాగే ఒక్క గ్లాసు ఎవరి నోటి దగ్గర కూడూ లాక్కోదు. అయినా నేను నాకు కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. ఒక్కటే గ్లాసు. ఖాళీ కడుపుతో ముట్టను. నడిచి వెళ్లి నడిచి వస్తాను. దిగులుగా ఉన్న రోజున కాఫీయే, వైన్ జోలికి పోను. ఈ చివరిది అన్నిటికంటే ముఖ్యం. దిగులుకి మందుగా మొదలైన గ్లాసు దిగులుని తీర్చదు, రెండోది అడుగుతుంది.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను. "కొంచెం రెడ్ వైన్ గుండెకి మంచిదట" అని మీకెవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది, ఇంతవరకైతే ఒంటికి ప్రమాదం లేదనే మోతాదు మద్యానికి లేదని. కాబట్టి ఆరోగ్యం పేరు చెప్పి మొదలుపెట్టకండి. మొదలుపెట్టనే అక్కర్లేదు. ఆ బగాన్ దాతుక్ పెద్దావిడ అప్పుడప్పుడూ సాయంత్రం నాతో వచ్చి కూచుంటుంది. ఆవిడ తాగేది చామ్, అంటే కాఫీ, టీ కలిపిన గ్లాసు. నా ముందు వైన్ ఉన్నా ఆవిడకి పట్టదు. ఆవిడకి కావాల్సింది లోపల కుర్చీ. ఆవిడ ఆ మాట అనదు, కానీ ఒక్కసారి కూడా బయటి బల్ల దగ్గర కూచోదు.

ఈ ఊళ్లో బార్ అన్నది ఒకప్పుడు మనలాంటివాళ్ల చోటు కానేకాదు. పాత ఊళ్లో పాదాంగ్ మైదానం ఎదురుగా ఎఫ్ఎంఎస్ బార్ అని ఒకటుండేది. 1906లో మొదలైంది, నడిపింది హైనాన్ కుటుంబమే. గనుల దొరలూ, తోటల దొరలూ మధ్యాహ్నం నుంచే చేరేవారు. ఆ దొరల తోటల్లో మన ముత్తాతలు కల్లు కొట్టు ముందు వరస కట్టారు, దొరలు ఇక్కడ ఫ్యాన్ల కింద గ్లాసులు పట్టుకున్నారు. ఇద్దరి డబ్బూ ఒకే మట్టిలోంచి వచ్చింది. ఆ భవనం ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు ఇది తోస్తుంది.

మరి ఖర్చు మాటేమిటంటారా? పాత ఊరి కొట్లో కోపీ మూడు నాలుగు రింగిట్‌లలో అయిపోతుంది. మా సందు దుకాణంలో అంతకు మూడింతలు. వైన్ అయితే ఇంకా మంట, ఈ దేశంలో మద్యం మీద సుంకాలు అలా ఉంటాయి. లంకావి దీవికి సుంకం లేదు కాబట్టి అటు వెళ్లినవాళ్లు చాక్లెట్లూ సీసాలూ మోసుకొస్తారు. నేను చీరల ఖర్చు తగ్గించాను. బీరువాలో కట్టని చీరలు ఎన్నున్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అయితే పాతకాపు అనిపించుకోవడం ఊరికే రాదమ్మా, దానికీ మర్యాదలున్నాయి. రద్దీ వేళ ఒక్క కప్పు పెట్టుకుని నలుగురి బల్ల ఆక్రమించకూడదు. నేను పెద్ద బల్ల ఖాళీగా ఉన్నా గోడ పక్క చిన్నదాంట్లోనే కూచుంటాను. తెలిసినవాళ్లమని ధర తగ్గించమని అడగకూడదు. అది వాళ్ల బతుకు. మలేషియాలో టిప్పు అలవాటు లేదు కాబట్టి దీపావళికి బుంటోంగ్ వెళ్లి మురుకులూ, కాచాంగ్ పుతే పొట్లాలూ తెచ్చి ఇస్తాను. ఇపోలో కాచాంగ్ పుతే అంటే బుంటోంగే, మన దక్షిణాది కుటుంబాలు తరాలుగా వేయిస్తున్న శనగలూ, బఠాణీలూ, కారప్పూసలూ. కొట్టమ్మాయి వాటిని వైన్ తాగేవాళ్లకి చిన్న గిన్నెల్లో పెట్టి నా పేరే చెప్తుంది. అప్పుడప్పుడు పంజాబీ పెద్దాయన ఇంకో గిన్నె అడిగి, కారం ఎక్కువైందని నన్నే దబాయిస్తాడు.

ఫోన్ చూసుకుంటూ కూచోకూడదన్నది మాత్రం నా సొంత నియమం. మొదట్లో చేతులు ఏం చెయ్యాలో తెలీక ఫోన్ పట్టుకునేదాన్ని. ఒంటరిగా కూచున్న ఆడదానికి ఫోన్ ఒక ముసుగు. "నేనేదో పనిలో ఉన్నాను సుమండీ" అని లోకానికి చెప్పుకోవడం. ఆ ముసుగు తియ్యడానికి కాస్త ధైర్యం కావాలి. వచ్చేస్తుంది, తొందరపడకండి.

మీ ఊళ్లో ఇలాంటి చోటెక్కడుందని అడుగుతారు, నాకు తెలుసు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి కాస్త నయం. ఇరానీ కేఫుల్లో ఇప్పుడు ఆడపిల్లలు జంటలుగా, గుంపులుగా కూచుంటున్నారు. ఒంటరిగా కూచున్నావిడని మాత్రం ఇప్పటికీ వెయిటరు "ఎవరైనా వస్తున్నారామ్మా?" అని అడుగుతాడు. విశాఖలో బీచ్ రోడ్డు మీద అరకు కాఫీ దొరుకుతోంది. అరకు లోయ గిరిజన రైతుల కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, పారిస్‌లో దానికి దుకాణమే వెలిసింది. మన కొండల కాఫీ పారిస్‌లో ఒంటరి ఆడవాళ్లు తాగుతున్నారు, నర్సీపట్నంలో మనం తాగలేమా? చిన్న ఊళ్లలో ఉన్నవాళ్లు టిఫిన్ హోటల్లోనే మొదలుపెట్టండి. మధ్యాహ్నం మూడున్నరకి వెళ్లండి, రద్దీ ఉండదు. ఒకే బల్ల, ఒకే వేళ, వారానికి రెండు రోజులు. నెల తిరిగేసరికి సర్వరే కుర్చీ తుడిచి పెడతాడు. మొదటి రెండు సార్లు నలుగురు చూస్తారు. మూడోసారికి వాళ్లకే విసుగొస్తుంది.

హోటళ్లు నడిపే అన్నదమ్ములు ఎవరైనా ఈ పేజీ తిప్పుతుంటే వాళ్లకూ ఒక విన్నపం. "ఫ్యామిలీ రూమ్స్ కలవు" అని బోర్డు పెట్టి, తెర కట్టి, లోపల చీకటి గదిలో ఫ్యాను తిరగని మూల మాకిస్తారు. ఒక్కత్తే వచ్చిన ఆడది ఫ్యామిలీ కిందికి రాదు, జెంట్స్ కిందికీ రాదు, పార్సెల్ కౌంటర్ దగ్గర నిలబడుతుంది. మీ హోటల్లో కిటికీ పక్కన, వెలుతురు పడే చోట, ఇద్దరికి సరిపోయే చిన్న బల్ల ఒక్కటి వెయ్యండి. దాని మీద బోర్డేమీ పెట్టకండి. ఒక్కరొచ్చి కూచుంటే ఎవరొస్తున్నారని అడక్కండి, కాఫీ తెచ్చివ్వండి.